అందరూ దయచేసి వినండి

ఆ రోజు మేనేజరు నిద్ర లేవడమే హుషారుగా లేచాడు. ఆయన మనసులో వేసుకున్న పథకం చాలా సులువైనది. పదకొండింటికి ఫైర్ ఇన్‌స్పెక్టరు వస్తారు. అలారం మోగించి చూస్తారు. కింది అంతస్తులు ఓసారి తిరిగి, సంతకం పెట్టి వెళ్ళిపోతారు. ఆ తర్వాత తాను ఇంటికొచ్చి కడుపునిండా భోంచేసి కాసేపు కునుకు తీస్తాడు. ఏడాదికోసారి వచ్చే పీడ ఏడాదిపాటు వదిలిపోతుంది.

ఆయన మేనేజరుగా ఉన్నది ఒక మూడంతస్తుల వ్యాపార భవనానికి. కింద రెడీమేడ్ బట్టల షాపు. మొదటి అంతస్తులో పళ్ళ డాక్టరు. రెండో అంతస్తులో ఆడిటరు. అన్నిటికన్నా పైన, మూడో అంతస్తులో, భవనం ఓనరుగారి ఆఫీసు. లిఫ్టు ఆగిపోతే మేనేజరునే పిలుస్తారు. నీళ్ళు రాకపోతే మేనేజరునే తిడతారు. ఎవరి బండికి ఎవరి బండి అడ్డమొచ్చినా తప్పు మేనేజరుదే. అందరి చేతా మాట పడటం ఉద్యోగంలో భాగమని ఆయన ఏనాడో సరిపెట్టుకున్నాడు. ఇంటికెళ్ళి భార్య ముందు అందరి మీదా కసి తీర్చుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే. కాకపోతే ఆ రెండో భాగం సంగతి ఆమెకు తప్ప మరొకరికి తెలియదు.

కిందటిసారి వచ్చినప్పుడు ఇన్‌స్పెక్టరుగారు ఒక మెలిక పెట్టి వెళ్ళారు. ఆవిడ నెమ్మదిగా మాట్లాడే మనిషి, మాట మాత్రం జవదాటనివ్వరు. "ఒట్టి గంట మోగితే ఎవరూ కదలరండీ. ఎవరో ఒకరు ఆపుతారులే అనుకుని కూర్చుంటారు. మాట వినపడాలి. ఏం చెయ్యాలో, ఎటు వెళ్ళాలో మనిషి గొంతు చెప్పాలి" అన్నారు. దాంతో ప్రతి అంతస్తులోనూ, మెట్ల మీదా, ఆఖరికి బాత్రూముల్లోనూ, బయట ఆవరణలోనూ స్పీకర్లు పెట్టించారు. కింద ఒక చిన్న గదిలో వాటన్నిటికీ కలిపి ఒక పెట్టె. ఆ పెట్టెతో పాటు వచ్చిన గొంతు ముక్కుతో మాట్లాడే ఎవరో పరాయివాడిది. అతను ఏం చెబుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. మన భాషలో మన మనిషి చేత చెప్పించండి అన్నాడు పెట్టె బిగించిన టెక్నీషియను.

"నేను చెప్తానండీ" అంది మేనేజరు భార్య.

ఆమె గొంతు నిజంగానే బాగుంటుంది. కాలేజీ రోజుల్లో వార్షికోత్సవం అంటే స్టేజీ మీద మైకు ముందు ఆమే నిలబడేది. పెళ్ళయ్యాక మైకు పోయింది, వినేవాళ్ళు కూడా ఒక్కరికి తగ్గిపోయారు. ఆ ఒక్కరూ టీవీ చూస్తూ వింటారు.

ఆదివారం మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ పడకగదిలో చేరి తలుపు వేసుకున్నారు. బయటి చప్పుళ్ళు రాకుండా కిటికీలు మూశారు. ఫ్యాను చప్పుడని ఫ్యాను ఆపారు. గది మారుమోగకుండా ఉండాలని టెక్నీషియను చెబితే, ఇద్దరూ ఒకే దుప్పటి నెత్తిన కప్పుకుని కూర్చున్నారు. టెక్నీషియను ఇచ్చిన బుల్లి రికార్డరు మీద ఒకటే మీట, ఒకటే ఎర్ర లైటు. ఆ లైటు ఒక్కోసారి నిలకడగా వెలుగుతుంది, ఒక్కోసారి మిణుకు మిణుకుమంటుంది. మిణుకుమంటే రికార్డవుతున్నట్టు, నిలకడగా ఉంటే ఆగినట్టు అని మేనేజరు తేల్చేశాడు. ఎవరినైనా అడిగితే సరిపోయేది గానీ, మీటలు నొక్కే విషయంలో ఎవరినీ అడిగే అలవాటు ఆయనకు లేదు.

ఆమె చదివింది. తడబడింది. మళ్ళీ చదివింది. మధ్యమధ్యలో మాటా మాటా వచ్చింది. ఉక్కపోతకు ఇద్దరికీ చిరాకు తలకెక్కింది. చివరికి పెద్ద రభసే అయింది. అయినా ఆఖరికి చదవడం అయిందనిపించారు. మేనేజరు రికార్డరు చెవి దగ్గర పెట్టుకుని మొదలు విన్నాడు. "అందరూ దయచేసి వినండి. భవనంలో అగ్నిప్రమాద సూచన అందింది" అంటూ భార్య గొంతు తేనెలా వినపడింది. చాలుననుకుని కట్టేశాడు.

మర్నాడు టెక్నీషియను "మొత్తం విన్నారా సార్?" అని అడిగితే, "నేను దగ్గరుండి చేయించానయ్యా" అన్నాడు. టెక్నీషియను దాన్ని పెట్టెలోకి ఎక్కించేశాడు.

ఇక పరీక్ష రోజు. తన గొంతు భవనమంతా మోగుతుంటే వినాలని మేనేజరు భార్య కూడా తయారై వచ్చింది. "రామ్మా, పైకొచ్చి నా గదిలో కూర్చో, మంచి టీ ఇప్పిస్తాను" అని ఓనరుగారు స్వయంగా పిలిచారు. ఆయన పెద్దవయసు మనిషి. ఆమెను కూతురిలా చూస్తారు. ఆమె పైకెళ్ళింది. కింద పెట్టె ఉన్న గదిలో ఇన్‌స్పెక్టరుగారు, టెక్నీషియను, మేనేజరు నిలబడ్డారు.

"మోగించండి" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు, చేతి గడియారం వంక చూసుకుంటూ.

టెక్నీషియను మీట నొక్కాడు. ముందు గంట మోగింది. లిఫ్టు దానంతటదే కిందికొచ్చి తలుపులు తెరుచుకుని ఆగిపోయింది. గంట మోత ఆగి, స్పీకర్లలో గొంతు మొదలైంది.

"అందరూ దయచేసి వినండి. భవనంలో అగ్నిప్రమాద సూచన అందింది..."

"చక్కటి గొంతు" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"మా ఆవిడేనండీ" అన్నాడు మేనేజరు, ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

"ఆగాగు, ఇంకా నొక్కలేదు" అంది స్పీకరు, మేనేజరు గొంతుతో. "ఇప్పుడు నొక్కుతున్నా. ఊఁ, చదువు."

టక్కుమని ఒక చప్పుడు. ఆ వెంటనే మళ్ళీ ఆమె గొంతు. "ఎలా వచ్చిందండీ?"

మేనేజరుకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. లైటు నిలకడగా వెలిగినప్పుడు రికార్డవుతుంది, మిణుకుమన్నప్పుడు ఆగుతుంది. మీట నొక్కక ముందు అన్న ఆ మొదటి రెండు ముక్కలు తప్ప ఆమె చదివినదేదీ ఇందులో లేదు. చదవనప్పుడు తామిద్దరూ అనుకున్నది ప్రతి ముక్కా ఉంది. చెయ్యి చాచి పెట్టె మీదికి ఉరికాడు.

"ముట్టుకోవద్దు" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. "పరీక్ష నడుస్తోంది. నేను చెప్పేదాకా ఎవరూ ఆపకూడదు."

"అది కాదు మేడమ్, చిన్న పొరపాటు..."

"పొరపాట్లు చూడటానికేగా నేనొచ్చింది."

అప్పుడు మేనేజరుకు అసలు సంగతి గుర్తుకొచ్చి పై ప్రాణాలు పైనే పోయాయి. మూడో అంతస్తు వెనక తలుపు! బయటి ఇనుప మెట్లకు దారితీసే ఆ అత్యవసర తలుపుకు తాళం వేసింది ఆయనే. ఆ మాట దుప్పటి కింద తన నోటితోనే అన్నాడు. తాళంచెవి జేబులోనే ఉంది. స్పీకరు ఆ ముక్క దాకా వచ్చేలోపు తాను పైకెళ్ళి తాళం తీసేస్తే, కనీసం ఆ ఒక్క మాటా అబద్ధమైపోతుంది. లిఫ్టు ఆగిపోయింది. మేనేజరు మెట్లవైపు పరుగెత్తాడు. తన గొంతుతో తానే పందెం కట్టాడు.

"బ్రహ్మాండంగా వచ్చింది" అంటోంది స్పీకరు. "కానీ ఈ దయచేసి గియచేసి వాళ్ళకి ఎక్కువ. అసలు వాళ్ళు కదిలే రకమా? కింద షాపావిడ లేదూ, బట్టలు తొడిగిన బొమ్మలన్నీ తెచ్చి మెట్ల మలుపులో నిలబెడుతుంది. మొన్న కరెంటు పోతే ఆ చీకట్లో నేనొక బొమ్మకి నమస్కారం పెట్టి, బాగున్నారా అమ్మా అని అడిగాను. జవాబు రాకపోతే, కోపమొచ్చిందేమోనని మళ్ళీ అడిగాను!"

మెట్ల మలుపులో ఎవరినో గుద్దుకుని, "క్షమించండమ్మా" అన్నాడు మేనేజరు రొప్పుతూ. బొమ్మ. దాని వెనకే షాపావిడ నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. ఆవిడ మనిషే.

"దానికే చెప్పుకోండి. మీ ఇద్దరికీ బాగా పరిచయమేగా" అంది ఆవిడ.

ఆయన తల వంచుకుని రెండేసి మెట్ల చొప్పున ఎక్కాడు. మొదటి అంతస్తుకు చేరేసరికి స్పీకరు కూడా అక్కడికే చేరింది.

"ఇక ఆ పళ్ళ డాక్టరు. మంటలార్పే సిలిండరు తెచ్చిస్తే, దాన్ని తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టుకున్నాడు. పనితనమా? ఎడమవైపు పన్ను నొప్పని వెళ్తే నాకు కుడివైపుది పీకాడు. ఇదేమిటయ్యా అంటే, అది కూడా ఎప్పుడో ఒకప్పుడు పోయేదేగా అన్నాడు."

తెరిచి ఉన్న తలుపులోంచి కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరుచుకున్న ఒక పెద్దమనిషి కనిపించాడు. ఆయన నోరు మెల్లగా మూసుకుంది. తర్వాత ఆయన లేచి కూర్చుని, మెడకు కట్టిన గుడ్డ విప్పి మడత పెట్టి, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"మేనేజరుగారూ!" అన్నాడు డాక్టరు, చేతిలో పటకారుతో గుమ్మంలోకొచ్చి. "ఆ సంగతి మనిద్దరి మధ్యే ఉంటుందన్నారు కదండీ!"

మేనేజరు నోట్లో మిగిలిన పళ్ళన్నీ కరుచుకుని పైకి పరుగెత్తాడు. ఆయన చెవులు కాలిపోతున్నాయి. ఇంత జరుగుతున్నా ఒక్కరంటే ఒక్కరు భవనం విడిచి బయటికి పోవడం లేదని ఆయన గమనించాడు. ఎలా పోతారు? తర్వాత ఎవరి వంతో తెలుసుకోవద్దూ? ప్రతి గుమ్మంలోనూ జనం చెవులు రిక్కించి నిలబడ్డారు.

రెండో అంతస్తు మెట్ల మీద పాత కాగితాల కట్టలు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి మధ్య పక్కకు తిరిగి దూరుతుంటే తలమీద స్పీకరు అందుకుంది.

"ఆడిటరు సంగతి అడక్కు. దారంతా కాగితాలే. ఒక్క అగ్గిపుల్ల చాలు. నిజంగా అంటుకుందే అనుకో, ఆ మనిషి ముందు చూసేది మనుషులు బయటపడ్డారా అని కాదు, లెక్కలన్నీ సరిగ్గా కాలాయా లేదా అని!"

ఆడిటరు తన ఖాతాదారుల మధ్య నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని మేనేజరును చూశాడు.

"ఒక్క మాట చెప్పి వెళ్ళండి. ఇది మీ గొంతేనా?"

"కాదండీ" అన్నాడు మేనేజరు.

"కాదంటావా?" అంది స్పీకరు సరిగ్గా అప్పుడే, ఏదో మాటకు భార్యను నిలదీస్తూ. పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి, ఒకటే గొంతు, ఒకటే బొంగురు. ఖాతాదారుల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

మూడో అంతస్తుకు వచ్చేసరికి మేనేజరుకు ఊపిరి అందడం లేదు. ఓనరుగారి గది ఖాళీగా ఉంది. టేబులు మీద రెండు టీ కప్పులు పొగలు కక్కుతున్నాయి. హాలు చివర, వెనక తలుపు ముందు, ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. ఒకరు ఓనరుగారు. ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డది మేనేజరు భార్య.

ఆమె ఆ కాగితంలోని వాక్యాలు ఎన్నిసార్లు చదివిందంటే, గంట మోగగానే వేరే ఆలోచనే రాలేదు. పెద్దవారిని ముందుగా నడిపించండి, హాలు చివరి అత్యవసర ద్వారం గుండా వెళ్ళండి అని రాసి ఉంది. ఆమె ఓనరుగారిని నడిపించుకుంటూ ఆ ద్వారం దాకా వచ్చింది. ద్వారానికి పిడికిలంత తాళం వేలాడుతోంది.

మేనేజరు జేబులో చెయ్యి పెట్టాడు. అదే క్షణంలో స్పీకరులో ఆమె గొంతు అడిగింది. "మరి పైన వెనక తలుపు తాళం తీశారా? ఇక్కడ అత్యవసర ద్వారం అని రాసుంది కదా?"

"తియ్యలేదు. సిగరెట్లు కాల్చుకోవడానికి దాన్నే వాడుతున్నారని వేసేశాను. తీస్తే మళ్ళీ మొదలు."

"ఇన్‌స్పెక్టరు చూస్తే?"

"ఆవిడ రెండో అంతస్తు దాటదు. మెట్లెక్కితే ఆయాసమట. అయినా పైనుండేదెవరు? ఆ ముసలాయనొక్కడే కదా. ఆయనకి సగం వినపడదు, మిగతా సగం విననట్టు కూర్చుంటాడు. అలారం మోగినా తెలియని మనిషికి తలుపెందుకు?" ఆ పైన ఒక నవ్వు. తన నవ్వు అంత అసహ్యంగా ఉంటుందని మేనేజరుకు అప్పటిదాకా తెలియదు.

ఓనరుగారు స్పీకరు వంక చూశారు, తర్వాత మేనేజరు వంక చూశారు. కోప్పడితే బాగుండేది. ఆయన కోప్పడలేదు. ముసలివాడినన్న సంగతి ఎవరో కొత్తగా చెప్పినట్టు, కొంచెం వంగిన భుజాలు ఇంకొంచెం వంచారు.

"తప్పు కదండీ అది" అంటోంది స్పీకరులో ఆమె. "ఆయన గబగబా మెట్లు దిగలేరని తెలిసి కూడా. పొద్దున్నే తీసెయ్యండి."

"సరేలే, తీస్తాలే."

తలుపు ముందు నిలబడ్డ భార్య, భర్త కళ్ళలోకి చూసింది. "తీశానన్నారు కదండీ" అంది నెమ్మదిగా.

నిజమే, అలాగే అన్నాడు. పొద్దున బయల్దేరేటప్పుడు ఆమె అడిగితే చెప్పులు వేసుకుంటూ, తీశానని చెప్పేశాడు. కింద వినపడ్డ మాటలన్నీ ఒక ఎత్తు, ఎవరికీ వినపడని ఈ ఒక్క మాటా ఒక ఎత్తు అయింది ఆయనకు. అందరూ తనను చూసి నవ్వుతున్నందుకు మెట్ల మీద సిగ్గుపడ్డాడు. ఇక్కడ ఎవరూ నవ్వడం లేదు. చచ్చేంత సిగ్గేసింది.

తాళంచెవి దూర్చాడు. తిరగలేదు. ఏడాదిగా తియ్యక తాళం తుప్పు పట్టింది. ఆయన తాళంతో కుస్తీ పడుతుంటే, పైన స్పీకరులో ఆదివారం నాటి రభస ముదిరింది.

"నాకు నీతులు చెప్పకు. నువ్వు చదివేదేదో సరిగ్గా చదువు. ద్వారం అన్న చోట నీకు నాలుక తిరగడం లేదు."

"నాకా? నాకు నాలుక తిరగదా?" ఆమె గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. స్పీకర్లు కిర్రుమన్నాయి. "ఇంత ఉక్కలో, ఈ దుప్పటి కింద, ఇందాకట్నించి గొంతు చించుకుంటుంటే నాకు నాలుక తిరగదా? లేవండి! లేవండి ముందు! ఆ చేతిలోది అక్కడ పెట్టి లేవండి! ఏమీ పట్టుకెళ్ళక్కర్లేదు! నోరు మూసుకుని బయటికి నడవండి! వెనక్కి తిరిగి చూశారో... నడవండి! నడవమంటే మిమ్మల్నే!"

కింద భవనంలో ఏదో అయింది. ముందు కుర్చీలు జరిగిన చప్పుడు. తర్వాత మెట్ల మీద కాళ్ళ చప్పుడు, ఒకటి కాదు, ధడధడమని వంద కాళ్ళు. ఎవరూ మాట్లాడటం లేదు. ఒట్టి నడక. ఆ చప్పుడు కిందికి, ఇంకా కిందికి జారుకుంటూ వెళ్ళిపోయి, భవనమంతా నిశ్శబ్దమైంది.

చివరికి తాళం కరుణించింది. తలుపు తెరుచుకుంది. ఓనరుగారు మధ్యలో, ఆయన చెయ్యి పట్టుకుని ఆమె ముందు, తల వేలాడేసుకుని మేనేజరు వెనక, బయటి ఇనుప మెట్ల మీద ఒక్కో అడుగే దిగసాగారు. ఆ మెట్లు ఆవరణలోకి నిలువుగా కనపడతాయి. ఆవరణ నిండా జనం. డాక్టరు, పేషెంటు, ఆడిటరు, ఖాతాదారులు, షాపావిడ, ఆవిడ దగ్గర బట్టలు కొనడానికొచ్చిన వాళ్ళు, అందరూ తలలెత్తి చూస్తున్నారు. ఒక కొనుగోలుదారుకు ఒక చొక్కా చెయ్యి తొడిగి ఉంది, రెండో చెయ్యి తొడగకుండానే వచ్చేశాడు.

మేనేజరు ఆఖరి మెట్టు దిగాడు. దిగగానే ఆవరణలో స్పీకరు మళ్ళీ మొదలైంది. ఆ పెట్టె పద్ధతే అంత. ఎవరో ఆపేదాకా చెప్పిందే చెబుతుంది.

"అందరూ దయచేసి వినండి..."

అందరూ విన్నారు. ఈసారి హడావుడి లేదు, అడ్డుగోడలు లేవు, మొదట్నుంచీ చివరిదాకా, పక్కపక్కన నిలబడి తీరిగ్గా విన్నారు. వాళ్ళ మధ్య మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బొమ్మకు నమస్కారం దగ్గర జనం ఆయన వంక చూశారు. పన్ను దగ్గర డాక్టరు వంక చూశారు. కాగితాల దగ్గర ఆడిటరు వంక చూశారు. తాళం దగ్గర మళ్ళీ ఆయన వంక చూశారు, ఈసారి చూపు తిప్పలేదు. "మెట్లెక్కితే ఆయాసమట" అన్నచోట ఇన్‌స్పెక్టరుగారు లోపలి నుంచి బయటికొచ్చి, చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డారు.

"ఇక ఆపండి" అన్నారు టెక్నీషియనుతో. తర్వాత మేనేజరు వైపు తిరిగి, "పదండి, పైకి వెళ్దాం" అన్నారు.

ఆవిడ అన్ని అంతస్తులూ ఎక్కారు. ఆగి ఆగి, ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కారు. మూడో అంతస్తు చేరేసరికి రొప్పుతూ గోడ పట్టుకున్నది మేనేజరు. "ఆయాసమా?" అని అడిగారు ఆవిడ. వెతకడానికి ఆవిడకు పెద్దగా ఏమీ మిగల్లేదు. ఎక్కడ ఏ లోపం ఉందో మేనేజరే భవనమంతా మోగేలా చెప్పేశాడు. ఆయన్ని నాలుగు దులిపేద్దామని ఆవేశంగా వెనకే వచ్చిన డాక్టరు, సిలిండరును గోడకు తగిలించే పనిలో పడ్డాడు. ఆడిటరు కాగితాల కట్టలు తానే మోశాడు. షాపావిడ ఒక్కో బొమ్మను నడుం దగ్గర పట్టుకుని లోపలికి ఈడ్చుకెళ్ళింది.

భవనం పరీక్షలో తప్పింది. అన్నీ సరిచేసి మళ్ళీ పిలవమన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

ఆవిడ వెళ్ళాక మేనేజరు ఓనరుగారి ముందు నిలబడ్డాడు. "తాళం వెయ్యడం తప్పు. తీశానని చెప్పడం ఇంకా తప్పు. మిమ్మల్ని అలా అనడం..." అని ఆగిపోయాడు.

"నాకు సగం వినపడదని నువ్వన్నది నిజమేనయ్యా" అన్నారు ఓనరుగారు. "కానీ ఇవాళ ఆ స్పీకర్లలో అంతా వినపడింది. మంచివే పెట్టించావు."

ఆయన ఉద్యోగం తీసెయ్యలేదు. తీసేసి ఉంటే తేలిగ్గా ఉండేదనిపించింది మేనేజరుకు.

ఇంట్లో ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు అన్నం వడ్డిస్తూ, "అంత బాగా చదివాను. అందులో ఒక్క ముక్కా రాలేదు. వచ్చిందంతా నా అరుపులు" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేనేజరు టీవీ కట్టేశాడు. మళ్ళీ రికార్డు చేద్దామన్నాడు. ఈసారి ఆ లైటు సంగతేమిటని టెక్నీషియనును అడిగి వచ్చాడు. ఫ్యాను తిరుగుతుండగానే, దుప్పటి లేకుండా, ఆమె నింపాదిగా చదివింది. ఆయన నోరెత్తకుండా ఎదురుగా కూర్చుని, చివరిదాకా విన్నాడు. విన్నాక, నిజంగానే బాగుందన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు చాలా ఏళ్ళు పట్టింది.

కొద్దిరోజులకు ఇన్‌స్పెక్టరుగారు మళ్ళీ వచ్చారు. తలుపులు తెరిచి ఉన్నాయి, మెట్లు ఖాళీగా ఉన్నాయి, సిలిండర్లు గోడలకున్నాయి. గంట మోగింది. స్పీకర్లలో కొత్త రికార్డు మొదలైంది. ఎక్కడా తడబాటు లేదు. ద్వారం అన్న మాట దగ్గర నాలుక చక్కగా తిరిగింది.

ఒక్కరూ కదల్లేదు. డాక్టరు పన్ను రాపిడి పెడుతూనే ఉన్నాడు. ఆడిటరు తల పైకెత్తి, "అమ్మగారు ఈసారి ఎంత బాగా చదివారో" అని మళ్ళీ లెక్కల్లో పడిపోయాడు. షాపులో ఒకావిడ ఆ గొంతు వింటూ హాయిగా బేరమాడుతోంది. ఇన్‌స్పెక్టరుగారు చాలాసేపు గడియారం చూశారు. ఆవరణలోకి ఒక పిల్లి వచ్చింది. మనుషులెవరూ రాలేదు.

"పాతది ఉందా?" అని అడిగారు ఆవిడ టెక్నీషియనును.

మేనేజరు చేతులు జోడించాడు. "మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటాను..."

"మొత్తం అక్కర్లేదండీ. చివరి ముక్క చాలు. లేవండి ముందు అన్న దగ్గర్నుంచి." ఆవిడ టెక్నీషియను వైపు తిరిగారు. "నా సర్వీసులో ఏ భవనమూ ఆ రోజంత వేగంగా ఖాళీ కావడం నేను చూడలేదు. ఎవరూ ఏమీ పట్టుకోలేదు, ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ వెనక్కి తిరగలేదు. పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాసినదంతా ఆ అమ్మ నాలుగు మాటల్లో చెప్పేసింది."

పెట్టారు. మోగించారు. "లేవండి! లేవండి ముందు!" అని స్పీకర్లు ఉరమగానే భవనం భవనమంతా లేచి నిలబడి, చేతిలోది అక్కడే పెట్టేసి, నోరు మూసుకుని నడిచి వచ్చింది. ఓనరుగారు వెనక తలుపు గుండా నవ్వుతూ దిగారు. ఇన్‌స్పెక్టరుగారు సంతకం పెట్టారు. ఆ తర్వాత పక్క వీధిలోని రెండు భవనాల వాళ్ళు, ఆ గొంతు మాకూ ఇప్పించండని ఆమె దగ్గరికి వచ్చారు. కోపం తెప్పించే మనిషిని కూడా వెంట తెచ్చుకోమంటారా అని అడిగిందామె.

నెలకోసారి ఇప్పటికీ ఆ భవనంలో ఆ పరీక్ష జరుగుతుంది. ఎవరు ఎంత వేగంగా నడిచి వచ్చినా, వాళ్ళు ఆవరణలోకి చేరేసరికి మేనేజరు అప్పటికే అక్కడ నిలబడి ఉంటాడు.